ఇరీనా రోద్నీనా: జోడీ మారినా చేజారని బంగారం

మంచు మీద ఆడే ఆట గురించి చెన్నైలో కూర్చుని రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. మన ఊరికి మంచుతో ఉన్న పాత చుట్టరికం ఒక్కటే. ట్రిప్లికేన్‌లో మెరీనాకు ఎదురుగా ఉన్న ఐస్ హౌస్. అమెరికాలోని బోస్టన్ నుంచి ఓడల్లో వచ్చే మంచుగడ్డలను దాచడానికి ఫ్రెడరిక్ ట్యూడర్ కంపెనీ 1842లో కట్టించిన భవనం అది. ఇప్పుడది వివేకానంద ఇల్లం. అయినా సెలవు వస్తే పిల్లల కాళ్ళకు చక్రాల బూట్లు తొడిగి స్కేటింగ్ క్లాసుకు తీసుకెళ్ళే ఇళ్ళు మనలో చాలానే ఉన్నాయి. ఇక పాత తరంవారి సంగతి వేరు. ఇంటికి వచ్చే ‘సోవియట్ భూమి’ పత్రిక, మాస్కోలో అచ్చయి చవగ్గా దొరికిన తెలుగు పుస్తకాలు చూస్తూ పెరిగినవారికి ఇరీనా రోద్నీనా అన్న పేరు ఎక్కడో విన్నట్టే అనిపించవచ్చు. ఆ పేరు వెనుక ఉన్న ఆటజీవితాన్ని ఒకచోట పెట్టి చెప్పే ప్రయత్నమే ఈ వ్యాసం.

ముందు లెక్క చూద్దాం. జంట ఫిగర్ స్కేటింగ్‌లో రోద్నీనా 3 ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచారు. 1972లో జపాన్‌లోని సప్పోరో, 1976లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్, 1980లో అమెరికాలోని లేక్ ప్లాసిడ్. 1969 నుంచి 1978 దాకా ఒక్క ఏడాది కూడా విడవకుండా వరుసగా 10 ప్రపంచ టైటిళ్ళు. వీటికి తోడు 11 యూరోపియన్ టైటిళ్ళు. ఒలింపిక్, ప్రపంచ టైటిళ్ళు కలిపి చూస్తే ఆమెకు సాటి వచ్చేది నార్వేకు చెందిన సోన్యా హెనీ ఒక్కరే. ఆమె కూడా 3 ఒలింపిక్ బంగారాలు, 10 ప్రపంచ టైటిళ్ళు గెలిచారు. కానీ హెనీ ఒంటరిగా ఆడిన మనిషి. పొద్దున లేచి తన ఒళ్ళు బాగుంటే చాలు, ఆట సాగిపోతుంది. జంట ఆటలో అలా కుదరదు. ఎదుటి మనిషికి జ్వరం వచ్చినా, మనసు మారినా, ప్రేమ కలిగినా ఆట ఆగిపోతుంది. రోద్నీనాకు ఈ మూడింటిలో చివరిదే ఎదురైంది. పతకాల పట్టిక చూస్తే ఆ సంగతి తెలియదు. ఆమె 10 ప్రపంచ టైటిళ్ళలో మొదటి 4 ఒక భాగస్వామితో, తర్వాతి 6 మరో భాగస్వామితో గెలిచారు.

జంట స్కేటింగ్ అంటే ఏమిటి?

మంచు మీద ఇద్దరు కలిసి ఆడే పోటీలు రెండున్నాయి. ఒకటి ఐస్ డాన్స్. అందులో అడుగుల పొందిక, లయ ముఖ్యం. పురుషుడు స్త్రీని తలపైకి ఎత్తడానికి వీల్లేదు. రెండోది జంట స్కేటింగ్, మనం మాట్లాడుకుంటున్నది. ఇందులో తలపైకి ఎత్తాలి, గాలిలోకి విసరాలి, ఆమె గాలిలో గిరగిరా తిరిగి ఒంటికాలి మీద మంచుపై దిగాలి. కాలికింద ఉన్నది కత్తి అంచులాంటి ఇనుప పట్టీ. ‘డెత్ స్పైరల్’ అని ఒక విన్యాసం ఉంది. పురుషుడు ఒకచోట కాలు నాటి నిలబడి ఇరుసులా తిరుగుతుంటే, స్త్రీ అతని చెయ్యి ఒక్కటి పట్టుకుని, జుట్టు మంచును తాకేంత కిందికి వాలి అతని చుట్టూ తిరుగుతుంది. మృత్యువు పేరు దానికి ఊరికే పెట్టలేదు.

ఆ రోజుల్లో 9 మంది జడ్జీలు ఉండేవారు. ఒక్కొక్కరు రెండు మార్కులు వేసేవారు, ఒకటి నైపుణ్యానికి, ఇంకొకటి చూపరి మనసుపై పడిన ముద్రకు. గరిష్ఠం 6.0. కూచిపూడి తెలిసిన మన పాఠకులకు ఇది సులువుగానే అర్థమవుతుంది. నృత్తం ఒక లెక్క, అభినయం ఇంకో లెక్క. వెంపటి చినసత్యంగారు 1963లో ఈ ఊళ్ళోనే కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టినప్పటి నుంచి మన ఇళ్ళలో సాగుతున్న వాదన కూడా ఇదే కదా, అడుగు గొప్పదా, భావం గొప్పదా అని. రోద్నీనా మంచు మీదకు వచ్చేసరికి అక్కడా సరిగ్గా ఆ వాదనే నడుస్తోంది.

జబ్బు పిల్ల

రోద్నీనా 1949 సెప్టెంబరు 12న మాస్కోలో పుట్టారు. తండ్రి సైనికాధికారి. తల్లి వైద్యరంగంలో పనిచేసేవారు. ఐదేళ్ళు నిండేలోపే ఆ పిల్లకు న్యుమోనియా పదేపదే వచ్చింది. ఊపిరితిత్తులు గట్టిపడాలంటే చల్లగాలిలో ఆడించమని డాక్టర్లు చెప్పారు. అలా 1954లో మాస్కోలోని ఒక పిల్లల పార్కులో మంచు మీద నిలబెట్టారు. మన దగ్గర ఆయాసం ఉన్న పిల్లల్ని ఈతకు పంపమంటారే, అలాంటిదే ఇదీ. ఆమెను ఛాంపియన్ చేద్దామని ఎవరూ అనుకోలేదు.

తర్వాత ఆమె సైన్యానికి చెందిన సీఎస్‌కేఏ క్లబ్బులో చేరారు. అక్కడి కోచ్ స్తానిస్లావ్ ఝుక్. కఠినుడు. చెమట లెక్క తప్ప ఇంకో లెక్క తెలియని మనిషి. ఆయనే ఆమెను తనకంటే రెండేళ్ళు పెద్దవాడైన అలెక్సెయ్ ఉలానోవ్‌తో జత కట్టించారు. ఆమె ఎత్తు ఐదడుగులు. ఎత్తడానికి, విసరడానికి తేలికైన మనిషి. కానీ ఝుక్ చూసింది తేలికదనాన్ని కాదు, వేగాన్ని.

అప్పటికి సోవియట్ జంట స్కేటింగ్ అంటే ల్యుద్మిలా బెలౌసోవా, ఒలెగ్ ప్రతపోపోవ్ దంపతులు. 1964, 1968 ఒలింపిక్స్‌లో బంగారం వారిదే. నెమ్మదిగా, పొడవైన గీతల్లా సాగే ఆట వారిది. శాస్త్రీయ సంగీతానికి బ్యాలే ఆడినట్టు ఉండేది. 1969లో రోద్నీనా, ఉలానోవ్ జోడీ వచ్చింది. 19 ఏళ్ళ ఆ అమ్మాయి మంచు మీద పరుగెత్తినట్టే కనిపించింది. ఒక విన్యాసం ముగిసేలోపే ఇంకోటి, మధ్యలో ఊపిరి తీసుకునే సందు లేదు. ఆ ఏడాది యూరోపియన్ పోటీలోనూ, అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో జరిగిన ప్రపంచ పోటీలోనూ వారే గెలిచారు. రెండు ఒలింపిక్ బంగారాల దంపతులు ప్రపంచ పోటీలో మూడో స్థానానికి వెళ్ళారు.

ఇది కళపై కసరత్తు సాధించిన గెలుపని అప్పట్లో విమర్శ వచ్చింది. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. ప్రతపోపోవ్ దంపతుల పాత చిత్రాలు ఇవాళ చూసినా కళ్ళు చెమరుస్తాయి. రోద్నీనా ఆట చూస్తే గుండె వేగం పెరుగుతుంది. మా మట్టుకు మాకు మొదటిది ఎక్కువ ఇష్టం. కానీ ఆట ఎటు వెళ్ళాలో నిర్ణయించింది రెండోదే. ఈనాటి జంటలు చేసే ప్రతి సాహసం వెనుకా 1969 ఉంది. ఆ దంపతులు 1979లో సోవియట్ దేశం విడిచి స్విట్జర్లాండ్‌లో ఆశ్రయం తీసుకున్నారు.

కాల్గరీలో పడిన రోజు

1970, 1971లో కూడా ప్రపంచ టైటిళ్ళు రోద్నీనా, ఉలానోవ్‌లవే. ఆ రెండేళ్ళూ రెండో స్థానంలో ఉన్నది కూడా సోవియట్ జోడీయే, లెనిన్‌గ్రాద్‌కు చెందిన ల్యుద్మిలా స్మిర్నోవా, ఆంద్రెయ్ సురాయ్‌కిన్. ఒకే దేశం, ఒకే బృందం, ఒకే విమానం, ఒకే హోటల్. ఉలానోవ్, స్మిర్నోవా ప్రేమలో పడ్డారు. అంటే తన జోడీ మనసు ఎదుటి జోడీలో ఉంది. ఆ స్థితిలోనే 1972 ఫిబ్రవరిలో సప్పోరో ఒలింపిక్స్‌కు వెళ్ళారు. రోద్నీనా, ఉలానోవ్ బంగారం గెలిచారు. స్మిర్నోవా, సురాయ్‌కిన్ వెండి గెలిచారు.

కొద్ది వారాల్లో కెనడాలోని కాల్గరీలో ప్రపంచ పోటీ. పోటీకి ముందు సాధనలో ఉలానోవ్ ఎత్తి పట్టుకున్న రోద్నీనా జారి మంచు మీద పడిపోయారు. తలకు గట్టి దెబ్బ. ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మెదడు అదిరిందని, తలలోపల రక్తం గడ్డకట్టిందని తేలింది. ఇవాళైతే నెలల తరబడి మంచు దగ్గరికి కూడా రానివ్వరు. ఆమె మాత్రం పోటీకి దిగారు. కళ్ళు తిరుగుతున్నా, ఏ చేతిలోంచి జారిపడ్డారో ఆ చేతిలోకే మళ్ళీ ఎగిరారు. నాలుగో ప్రపంచ టైటిల్ గెలిచారు. అదే ఇద్దరూ కలిసి ఆడిన చివరి పోటీ.

ఈ ఘట్టాన్ని ధైర్యానికి ఉదాహరణగా చెప్పడం మామూలు. మేము అంత తేలిగ్గా అలా అనలేం. తలకు దెబ్బ తగిలిన 22 ఏళ్ళ అమ్మాయిని మంచు మీదకు పంపిన వ్యవస్థ ఒకటి ఆ ధైర్యం వెనుక నిలబడి ఉంది. పతకం దేశానిది, నొప్పి ఆమెది. అలాగే ఉలానోవ్‌ను దుర్మార్గుడిగా చూపే కథలూ చాలా వచ్చాయి. సాధనలో పట్టు జారడం ఏ జంటకైనా జరిగేదే. ప్రేమించడం నేరం కాదు. కాకపోతే జంట ఆటలో ఒకరి నిర్ణయం ఇంకొకరి బతుకును తిప్పేస్తుంది. ఉలానోవ్ స్మిర్నోవాను పెళ్ళి చేసుకుని, ఇకపై ఆమెతోనే ఆడతానన్నారు. నాలుగుసార్లు ప్రపంచ విజేత అయిన రోద్నీనా 22 ఏళ్ళకే జోడీ లేని మనిషయ్యారు. ఆట మానేద్దామనుకున్నారు కూడా.

ఇక్కడ నాలుగో మనిషి ఒకరున్నారు, సురాయ్‌కిన్. ఆయన జోడీ కూడా పోయింది. మూడుసార్లు ప్రపంచ పోటీలో రెండో స్థానం, ఒలింపిక్ వెండి ఉన్న ఆ ఆటగాడి గురించి రాసినవారు తక్కువ. రోద్నీనా గెలిచారు కాబట్టి ఆమె కథ మనకు మిగిలింది.

సంగీతం ఆగినా

ఝుక్ వెంటనే వెతుకులాట మొదలుపెట్టారు. లెనిన్‌గ్రాద్ నుంచి అలెక్సాంద్ర్ జైత్సెవ్ అనే 19 ఏళ్ళ యువకుణ్ణి పిలిపించారు. పొడగరి, బలిష్ఠుడు. కానీ పెద్ద పేరున్నవాడు కాదు. ప్రపంచ విజేత పక్కన నిలబడ్డ కుర్రవాడు. అతనికి ఆమె స్థాయి అందుకోవాల్సిన భారం, ఆమెకు మొదటి నుంచీ మొదలుపెట్టాల్సిన భారం. చేతులు ఎక్కడ పట్టుకోవాలి, ఎన్నో అంకెకు గాలిలోకి లేవాలి, పడుతున్నప్పుడు ఎవరు ముందు చెయ్యి వదలాలి, ఇవన్నీ జంటకు జంటకు మారతాయి. ఏళ్ళు పట్టే ఆ పనిని వారు కొన్ని నెలల్లో చేశారు. 1973 మొదట్లో జర్మనీలోని కొలోన్‌లో జరిగిన యూరోపియన్ పోటీలో జడ్జీలు వారికి 6.0లు వేశారు.

అదే ఏడాది బ్రాతిస్లావాలో ప్రపంచ పోటీ. మొదటి అంకంలో జంట మంచు మీద ఉండగానే సంగీతం ఆగిపోయింది. అలాంటప్పుడు ఆగి, జడ్జీలను అడిగి, మళ్ళీ మొదలుపెట్టవచ్చు. అంచు దగ్గర నిలబడ్డ ఝుక్ ఆపవద్దని సైగ చేశారు. వారు ఆగలేదు. హాలంతా నిశ్శబ్దం. మంచు మీద ఇనుప పట్టీల గీత చప్పుడు తప్ప ఏమీ లేదు. జతిని మనసులో లెక్కపెట్టుకుంటూ ఇద్దరూ ఒక్క అడుగు తేడా రాకుండా ముగించారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. జత కట్టి ఏడాది కూడా కాని ఇద్దరు అది. 1968లో సోవియట్ ట్యాంకులు చెకోస్లోవాకియాలోకి వచ్చినందుకు ఎవరో కావాలని సంగీతం ఆపారన్న ఊహలు తర్వాత వినిపించాయి. వాటి జోలికి మేము పోవడం లేదు. మృదంగం ఆగినా నట్టువాంగం లేకపోయినా తాళం తప్పని నర్తకి గురించి మన పెద్దలు చెప్పే మాట ఇక్కడ పాఠకులకు గుర్తురాక మానదు.

ఆ పోటీలో బంగారం రోద్నీనా, జైత్సెవ్‌లది. వెండి ఎవరిదో ఊహించండి. ఉలానోవ్, స్మిర్నోవా దంపతులది. మరుసటి ఏడాది మ్యూనిక్‌లోనూ అదే వరస. పాత జోడీ పక్క మెట్టు మీద, ఒక అడుగు కింద. ఇంతకంటే ఏ నవలాకారుడైనా రాస్తే అతిగా ఉందంటాం.

1974లో రోద్నీనా ఇంకో పెద్ద నిర్ణయం తీసుకున్నారు. పదేళ్ళు తీర్చిదిద్దిన ఝుక్‌ను వదిలి తత్యానా తరాసోవా దగ్గరికి వెళ్ళారు. తరాసోవాకు అప్పుడు 27 ఏళ్ళు, రోద్నీనాకంటే రెండేళ్ళే పెద్ద. ప్రసిద్ధ హాకీ కోచ్ అనతోలీ తరాసోవ్ కూతురు. కసరత్తు మీద ఆధారపడిన ఆటకు ఆమె సంగీతాన్ని, నాటకీయతను జోడించారు. అయిదేళ్ళ కిందట వచ్చిన విమర్శకు అది ఒక రకంగా జవాబు. 1975 ఏప్రిల్‌లో రోద్నీనా, జైత్సెవ్ పెళ్ళి చేసుకున్నారు. 1976లో ఇన్స్‌బ్రుక్‌లో జైత్సెవ్‌కు మొదటి, ఆమెకు రెండో ఒలింపిక్ బంగారం వచ్చాయి. ఆ తర్వాత గోథెన్‌బర్గ్, టోక్యో, ఒట్టావా. గెలుపు గెలుపులాగే ఉంటుంది కాబట్టి ఆ మూడేళ్ళ గురించి చెప్పడానికి పెద్దగా లేదు.

బిడ్డ పుట్టాక

1978 ఒట్టావాతో 10 టైటిళ్ళు పూర్తయ్యాయి. మరుసటి సీజన్ ఆమె ఆడలేదు. 1979 ఫిబ్రవరిలో కొడుకు పుట్టాడు. అతనికీ తండ్రి పేరే, అలెక్సాంద్ర్. ఆ ఏడాది వియన్నాలో అమెరికా జోడీ తాయ్ బబిలోనియా, రాండీ గార్డ్‌నర్ ప్రపంచ టైటిల్ గెలిచారు. 1965 నుంచి తెగకుండా వచ్చిన సోవియట్ వరుస అక్కడ తెగింది.

బిడ్డను కన్న ఏడాదికే ఒలింపిక్స్. ఆమెకు 30 ఏళ్ళు. పురిటి తర్వాత ‘ఇక చాలులే’ అనే మాట మన ఇళ్ళలోనే కాదు, మాస్కోలోనూ వినిపించే ఉంటుంది. ఆమె తిరిగి సాధన మొదలుపెట్టారు. 1980లో యూరోపియన్ టైటిల్ గెలిచి, ఫిబ్రవరిలో అమెరికాలోని లేక్ ప్లాసిడ్ చేరారు. సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లో అడుగుపెట్టి రెండు నెలలు కూడా కాలేదు. ప్రచ్ఛన్న యుద్ధం నడుమ, ప్రత్యర్థి సొంత ఊళ్ళో, ప్రత్యర్థి ప్రేక్షకుల ముందు పోటీ. అందరూ బబిలోనియా, గార్డ్‌నర్‌లతో ముఖాముఖి కోసం కాచుకుని ఉన్నారు. అది జరగలేదు. గార్డ్‌నర్‌కు గజ్జల్లో గాయం. పోటీకి ముందు సన్నాహంలోనే పదేపదే పడిపోయారు. అమెరికా జోడీ తప్పుకుంది. బబిలోనియా ఏడుస్తూ మంచు దిగిన దృశ్యం ఆ ఒలింపిక్స్‌లో అందరికీ గుర్తుండిపోయింది.

రోద్నీనా, జైత్సెవ్ తప్పు లేకుండా ఆడి గెలిచారు. విజేతల మెట్టు మీద సోవియట్ జాతీయగీతం మోగుతుండగా రోద్నీనా చెంప మీద కన్నీటి బొట్టు జారింది. సోవియట్ దేశమంతా ఆ బొట్టును టీవీలో చూసింది. ఆమె పేరు చెబితే రష్యన్లకు ఈనాటికీ మొదట గుర్తొచ్చేది అదే.

ప్రత్యర్థి తప్పుకున్నాడు కాబట్టి ఆ బంగారం తేలిగ్గా వచ్చిందనే మాట ఉంది. మేము ఒప్పుకోం. ఒకరి నరం పట్టేస్తే ఇద్దరూ పోటీ నుంచి పోవడమే ఈ ఆట స్వభావం. పన్నెండేళ్ళపాటు, ఇద్దరు భాగస్వాములతో, తలకు దెబ్బ తిని, బిడ్డను కని, పోటీ రోజుకు మంచు మీద నిలబడి ఉండటమే ఆమె చేసిన మొదటి గెలుపు. గార్డ్‌నర్‌కు జరిగింది 1972లో కాల్గరీలో ఆమెకు జరగబోయి తప్పింది.

ఎవరు గొప్ప?

భాగస్వామి మారినా ఆమె గెలిచారు కాబట్టి గొప్పతనమంతా ఆమెదే అనుకోవడం సులువు. లెక్క కూడా అటే మొగ్గుతుంది. ఉలానోవ్‌కు 1 ఒలింపిక్ బంగారం, 4 ప్రపంచ టైటిళ్ళు. జైత్సెవ్‌కు 2 ఒలింపిక్ బంగారాలు, 6 ప్రపంచ టైటిళ్ళు. కూడితే ఆమెది. కానీ బ్రాతిస్లావా నిశ్శబ్దంలో ఆమెను తలపైకి ఎత్తి పట్టుకున్నది ఆ 20 ఏళ్ళ కుర్రవాడి చేతులే. ఆమె పేరు ముందు, అతని పేరు తర్వాత. పడకుండా పట్టుకున్నవాడిని ఎవరూ చూడరు. పడితే మాత్రం అందరూ అతన్నే చూస్తారు.

మన తెలుగువారికి ఇది బ్యాడ్మింటన్ ద్వారా బాగా తెలిసిన సంగతే. అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డిని, ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టిని జత కట్టించింది మలేసియా కోచ్ టాన్ కిమ్ హర్. మొదట ఇద్దరికీ అంతగా నచ్చని ఆ జతే 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చింది. జ్వాలా గుత్తా తొలుత శ్రుతి కురియన్‌తో, తర్వాత అశ్విని పొన్నప్పతో ఆడారు. అశ్వినితో కలిసి 2011 ప్రపంచ పోటీల్లో కంచు గెలిచారు. డబుల్స్ ఆటగాళ్ళకు సింగిల్స్ వారికిచ్చే గౌరవం ఇవ్వరని జ్వాల గట్టిగా అడిగిన ప్రశ్నకు మన దగ్గర ఇంకా సరైన జవాబు రాలేదు.

స్కేటింగ్‌కు మరీ దగ్గరి పేరు హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా. ఆయనది మంచు కాదు, చక్రాలు. రోలర్ క్రీడలను మొదటిసారి చేర్చిన 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆయన ఒంటరి విభాగంలో ఒక కంచు, అవనీ పంచాల్‌తో కలిసి జంట విభాగంలో మరో కంచు గెలిచారు. 2015లో అర్జున అవార్డు అందుకున్నారు. చక్రాల మీద కూడా ఎత్తడం, తిప్పడం, దింపడం అవే. కింద మంచుకు బదులు గట్టి నేల, అంతే. స్కేటింగ్ క్లాసుకు వెళ్ళే మన పిల్లల్లో చాలామందికి వేగం పందేలే తెలుసు. జంటగా ఆడే పోటీ ఒకటుందని, అందులో మన తెలుగువాడు ఆసియా పతకం తెచ్చాడని తెలిసినవారు తక్కువ.

ఆట ముగిశాక

1980 తర్వాత రోద్నీనా పోటీలు మానేసి కోచ్ అయ్యారు. జైత్సెవ్‌తో విడాకులయ్యాయి. రెండో పెళ్ళిలో ఒక కూతురు పుట్టింది. 1990లో అమెరికా వెళ్ళి, కాలిఫోర్నియాలోని లేక్ ఆరోహెడ్‌లో శిక్షణ ఇచ్చారు. ఆమె శిష్యులైన రాద్కా కొవార్జికోవా, రెనే నోవోత్నీ 1995లో ప్రపంచ టైటిల్ గెలిచారు. వారు చెక్ దేశస్థులు. ఏ నేల మీద ఆమె సంగీతం ఆగిపోయిందో, ఆ పాత చెకోస్లోవాకియా పిల్లలకే ఆమె విజయం నేర్పారు.

తర్వాత రష్యాకు తిరిగి వెళ్ళి 2007 నుంచి రష్యా పార్లమెంటు దిగువ సభ డూమాలో అధికార పక్షం సభ్యురాలిగా ఉన్నారు. 2013లో అమెరికా అధ్యక్షుడు ఒబామాను అవమానించే ఒక ఫోటోను ఇంటర్నెట్‌లో పెట్టినందుకు విమర్శలపాలయ్యారు. జాతి వివక్షతో కూడిన ఆ ఫోటోను సమర్థించడానికి ఎవరికీ మాట దొరకదు. అయినా 2014 సోచి ఒలింపిక్స్‌లో హాకీ గోల్‌కీపర్ వ్లదిస్లావ్ త్రెత్యాక్‌తో కలిసి జ్యోతి వెలిగించే గౌరవం ఆమెకే దక్కింది. 2022లో ఉక్రెయిన్‌పై యుద్ధం మొదలయ్యాక పాశ్చాత్య దేశాలు డూమా సభ్యులపై పెట్టిన ఆంక్షల్లో ఆమె పేరు కూడా ఉంది. ఆ ఏడాది మార్చి నుంచే రష్యన్ స్కేటర్లను అంతర్జాతీయ పోటీలకు దూరంగా ఉంచారు. మంచు మీది రోద్నీనాను మెచ్చుకున్నవారంతా సభలోని రోద్నీనాను మెచ్చుకోవాలని లేదు. రెండూ ఒక్క మనిషి జీవితంలోవే కాబట్టి రెండూ రాయాల్సిందే.

ఆమె వేసిన దారి మాత్రం పెద్దది. 1964 నుంచి 2006 దాకా జంట స్కేటింగ్ ఒలింపిక్ బంగారం సోవియట్, రష్యన్ జోడీల చేయి దాటలేదు. 2002లో సాల్ట్ లేక్ సిటీలో జడ్జీల వివాదం వల్ల కెనడా జోడీకి కూడా బంగారం ఇచ్చారు, అంతే. ఆ గొడవతోనే 6.0 పద్ధతి పోయి కొత్త మార్కుల విధానం వచ్చింది. 2002లో గెలిచిన యెలేనా బెరెజ్నయా తలలోకి 1996లో సాధన చేస్తుండగా అప్పటి జోడీ కాలి ఇనుప పట్టీ దిగింది. మాట పడిపోయింది. కొత్త జోడీ అంతోన్ సిఖరులీద్జే పక్కన ఉండగా ఆమె మళ్ళీ మాట, మంచు రెండూ నేర్చుకున్నారు. 1988, 1994లో బంగారాలు గెలిచిన యెకతెరీనా గోర్దేయెవా, సెర్గెయ్ గ్రింకోవ్ దంపతుల్లో గ్రింకోవ్ 1995 నవంబరులో సాధన మధ్యలో గుండెపోటుతో కన్నుమూశారు. 28 ఏళ్ళు. అది జరిగింది కూడా లేక్ ప్లాసిడ్‌లోనే. ఆర్తూర్ ద్మీత్రియెవ్ 1992లో ఒకరితో, 1998లో మరొకరితో ఒలింపిక్ బంగారం గెలిచి, జోడీ మారినా నిలిచిన మగవాడయ్యారు.

జంట స్కేటింగ్‌లో రోద్నీనా 10 ప్రపంచ టైటిళ్ళకు ఆ తర్వాత ఎవరూ దగ్గరకు రాలేదు. ఉక్రెయిన్‌లో పుట్టి జర్మనీ తరఫున ఆడిన అల్యోనా సవ్చెంకోకు 6 ఉన్నాయి. వాటిలో 5 రాబిన్ షోల్కోవీతో, చివరిది 2018లో బ్రూనో మస్సోతో గెలిచారు.